అవకాశం గారు

వాతావరణ కార్యాలయం లిఫ్టు నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ నడుమ ఆగిపోయింది. లోపల ఆమె ఒక్కతే ఉంది. చేతిలో టీ కప్పు, భుజాన సంచి, మొహం నిండా విసుగు. రోజూ తెల్లవారగానే రేడియోలో వాతావరణం చదివేది ఆమే. ఆకాశంలో ఏం జరగబోతోందో ఊరందరికీ చెప్పే మనిషికి తానెక్కిన లిఫ్టు ఆగిపోతుందని మాత్రం తెలియలేదు.

కాసేపటికి పైనుంచి ఎవరో తలుపు తట్టారు.

"లోపల ఎంతమంది ఉన్నారండీ?" అంది ఒక మగ గొంతు.

"ఒక్కదాన్నే."

"భయపడుతున్నారా?"

"లేదు. టీ చల్లారిపోతోంది. ఎంతసేపు పడుతుంది?"

ఆ గొంతు అనుమానంగా అడిగింది.

"పొద్దున్నే రేడియోలో వాతావరణం చెప్పేది మీరేనా?"

"అవును. ఎలా తెలిసింది?"

"ఆ గొంతుని మర్చిపోతానా అండీ. ఇవాళ పొద్దున ఆ గొంతే, ఒకటి రెండు చోట్ల తేలికపాటి జల్లులు కురిసే అవకాశం ఉందని చెప్పింది. ఒకటి రెండు చోట్లే కదా, మన దగ్గర ఎందుకు పడుతుందిలే అని పరిగెత్తడానికి వెళ్లాను. ఆ ఒక చోటు నా నెత్తి. రెండో చోటు నా బూట్లు. ఇంకా ఆరలేదు."

ఆమెకి నవ్వొచ్చింది. ఉద్యోగ గౌరవం అడ్డొచ్చి ఆపుకుంది. "అవకాశం ఉందని చెప్పాంగా. గొడుగు పట్టుకెళ్లాల్సింది."

"గొడుగేసుకుని మారథాన్ ప్రాక్టీసు చేస్తారా ఎవరైనా?"

"సరే, ఇంతకీ తలుపు ఎప్పుడు తెరుస్తారు?"

"మధ్యాహ్నంలోపు ఒకటి రెండు తలుపులు తెరుచుకునే అవకాశం ఉందండి."

ఈసారి గౌరవం పక్కకి తప్పుకుంది, నవ్వు బయటికొచ్చింది. ఆ నవ్వు విన్నాక అవతలివాడు పని కొంచెం త్వరగా కానిచ్చాడని మనం అనుకోవచ్చు.

తలుపు తెరుచుకుంది. లిఫ్టు సగం కింద, సగం పైన ఉంది. కథల్లో అమ్మాయిలకి ముందు అబ్బాయి కళ్లు కనిపిస్తాయి. ఈమె కళ్లకి సరిగ్గా ఎదురుగా కనిపించింది ఒక జత తడి బూట్లు. వాటి మీద మోకాళ్లు, గ్రీజు మరకల ప్యాంటు, చివరికి వంగి చేయి అందిస్తున్న లిఫ్ట్ మెకానిక్కు. ఆమె ఒక చేత్తో టీ కప్పు పట్టుకుని, రెండో చెయ్యి అతనికిచ్చి పైకెక్కింది.

"టీ ఒక్క చుక్క ఒలకలేదు," అన్నాడు మెచ్చుకోలుగా. "ఉంటానండీ, అవకాశం గారూ."

ఆ పేరు అలా పడింది. ఆమె అతన్ని లిఫ్ట్ గారూ అని పిలిచి బదులు తీర్చుకుంది.

తర్వాత ఆ లిఫ్టుకి జరిగినంత సేవ దాని జన్మలో జరిగి ఉండదు. ఒకరోజు నూనె వెయ్యాలంటూ వచ్చాడు, ఇంకోరోజు తాడు చూడాలంటూ. ఏమీ దొరకనప్పుడు, నిన్న వేసిన నూనె ఎలా ఉందో చూద్దామని వచ్చాడు. లిఫ్టు మాత్రం ఆగడం మానేసింది. ఆమెకి దానిమీద కాస్త కోపం కూడా వచ్చింది.

ఇక అవకాశం అనే మాట. ఆ మాట ఆమెకి ఉద్యోగంతో అంటుకుంది, ఇంటిదాకా వచ్చింది. వాళ్లమ్మ టైలరు. కొలత తీసుకుంటే వేలెడు ఎక్కువ ఉండదు, తక్కువ ఉండదు. అలాంటావిడ కడుపున ఈ పిల్ల పుట్టింది.

"ఈ సంబంధం అబ్బాయి ఫోటో చూశావుగా. నచ్చాడా?"

"నచ్చే అవకాశం ఉందమ్మా."

"అంటే నచ్చినట్టా, నచ్చనట్టా?"

"ఇంకా గమనించాలి."

"వాడేమన్నా తుఫానా, గమనించడానికి?" అని అమ్మ కత్తెర బల్ల మీద పెట్టేసేది. "ఎప్పటికైనా ఒక్క మాట తెగేసి చెప్పవే తల్లీ. చెవులారా విని పెట్టుకుంటాను."

తెగేసి చెప్పడం ఆమెకి చేతకాక కాదు. ఆకాశం చేతకానివ్వలేదు. అంత పెద్ద ఆకాశాన్ని రోజూ చూసేవాళ్ల నోట్లోంచి రావడానికి ఖాయం అనే మాట సిగ్గుపడుతుంది.

ఆ సంగతి అతనికి చెప్పి ఒప్పించలేక, ఒకరోజు పొద్దున్నే పరుగు ముగించుకుని రమ్మంది. డాబా మీదికి తీసుకెళ్లింది. అక్కడ ఆమె చేతుల్లో తెల్లటి బెలూను ఉంది, మనిషికంటే పెద్దది. కింద దారానికి చిన్న పెట్టె కట్టి ఉంది.

"ఇదెక్కడికి పోతుంది?"

"పైకి. విమానాలు ఎగిరేదానికన్నా ఎంతో పైకి. దారి పొడుగునా ఎంత చలి ఉందో, గాలి ఎటు వీస్తోందో ఈ పెట్టె మాకు చెబుతుంటుంది. ప్రపంచంలో చాలా చోట్ల ఇదే వేళకి ఎవరో ఒకరు ఇలా వదులుతుంటారు. పట్టుకోండి."

ఇద్దరూ కలిసి వదిలారు. అది వాళ్ల చేతుల్లోంచి గబుక్కున లేచి, మేడలు దాటి, ఇంకా ఎండ తగలని ఊరి మీద అదొక్కటే ఎండలో మెరుస్తూ పోయింది. అతను మెడ నొప్పి పుట్టేదాకా చూశాడు. రోజూ అంతస్తులు లెక్కపెట్టే మనిషి, అంతస్తుల్లేని చోటికి ఒకటి వెళ్లడం చూసి లెక్క మర్చిపోయాడు.

"మా లిఫ్టు ఎనిమిదో అంతస్తుకే ఆయాసపడుతుంది," అన్నాడు చివరికి, చాలా మెల్లగా.

"ఇప్పుడు చెప్పండి. ఇంత పెద్దదాని గురించి ఖాయంగా ఎలా చెప్పమంటారు?"

"వద్దులెండి. అవకాశం చాలు."

డాబా గోడకి ఆనుకుని బూట్ల తాళ్లు విప్పుకుంటూ అతను తన సంగతి చెప్పాడు. వాళ్లక్క అతన్ని సగం అని పిలుస్తుందట. చదువు సగంలో ఆపాడు. గిటారు సగంలో ఆపాడు. ఇంటికి రంగు వేస్తానని మొదలుపెట్టి సగం గోడ దగ్గర ఆపాడు, ఇప్పటికీ ఆ ఇల్లు రెండు రంగుల్లో ఉంది.

"ఈత కూడా సగమేనా?" అంది ఆమె ఆటపట్టిస్తూ.

"అవతలి ఒడ్డుకి ఈదాను. తిరిగి పడవెక్కి వచ్చాను." అతను నవ్వాడు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "ఈ మారథాన్ ఒక్కటి పూర్తి చెయ్యాలండీ. నలభై రెండు కిలోమీటర్లు. పూర్తి చేస్తే మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. చెయ్యలేకపోతే అడగను. సగంలో ఆపేసేవాడు అలాంటి మాట అడగకూడదు."

ఏం మాట అని ఆమె అడగలేదు. ఆ మాటకి అర్థం తెలుసుకోవడానికి రాడార్ అక్కర్లేదు. ఆ రోజు నుంచి ఆమె కూడా లోలోపల పరిగెత్తడం మొదలుపెట్టింది.

పరుగుకి ముందురోజు సాయంత్రం అతను ఫోన్ చేశాడు. గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

"ఎండైనా ఓర్చుకుంటాను, చలైనా ఓర్చుకుంటాను. తడి బూట్లే నా వల్ల కాదు. మొన్న వానలో దూరం పరుగుకి వెళ్తే అరికాళ్లు బొబ్బలెక్కి బస్సులో తిరిగొచ్చాను. రేపు వాన పడుతుందా?"

"స్వల్పంగా..."

"ఆఫీసు మాట వద్దండీ. మీ మాట చెప్పండి."

ఆమె ఎదురుగా ఉన్న పటాలన్నీ పొడి వాతావరణమే అంటున్నాయి. ఒక మూల చిన్న అనుమానం ఉంది, కానీ అనుమానం లేని రోజు ఆమె ఉద్యోగంలో ఎప్పుడుంది? ఇటు ఫోన్లో అతని ఊపిరి వినిపిస్తోంది. ఆ ఊపిరిలో భయం ఉంది. ఆమెకి ఆ భయం వినబుద్ధి కాలేదు.

"పడదు," అంది.

"అంటే, పడే అవకాశం..."

"పడదంతే. చినుకు కూడా పడదు. నాది పూచీ."

అవతల అతను హమ్మయ్య అనుకోవడం వినిపించింది. పరుగులో వెంట ఉంచుకుందామని పెట్టుకున్న పొడి సాక్సులూ, ప్లాస్టిక్ కోటూ తీసి మంచం మీద పడేశాడు. ఆమె ఫోన్ పెట్టేసి, తన నోటిని తానే నమ్మలేనట్టు చాలాసేపు అలాగే కూచుంది.

మర్నాడు పొద్దున ఆమెదే డ్యూటీ. కిటికీలోంచి చూస్తే ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. దూరంగా రోడ్డు మీద పరుగు మొదలైన మైకు గోల వినిపించింది. రెండు గంటలు గడిచినా మబ్బు జాడ లేదు. ఆమె మనసు తేలికపడి, టీ పెట్టుకోవడానికి లేచింది. తిరిగొచ్చేసరికి రాడార్ తెర అంచున పసుపు చుక్క ఒకటి ఉంది. చూస్తుండగానే అది పెద్దదైంది. ఎర్రబడింది. ఊరివైపు నడవడం మొదలుపెట్టింది.

ఆఫీసులో అందరూ పెద్దాయన అని పిలిచే పై అధికారి వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. "ఇప్పుడే పుట్టిన మబ్బమ్మా ఇది. నిన్న దీన్ని ఎవరూ చూడలేరు."

"నేను పడదని చెప్పానండీ."

"రేడియోలోనా?" ఆయన ఉలిక్కిపడ్డాడు.

"కాదు. ఒకరికి."

పెద్దాయన కళ్లజోడు తీసి ఆమె మొహంలోకి చూశాడు. "రేడియోలో అయితే ఏదో సర్దుకోవచ్చు. ఒకరికైతే కష్టమే," అన్నాడు. తర్వాత సొరుగు లాగి, ఏసీ చలికి దాచుకున్న ఉన్ని సాక్సుల జత తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వెళ్లు. మిగతా బులెటిన్ నేను చదువుతాను. ఇవి ఉతికినవే."

అతని ఫోన్ పరుగు మొదలయ్యే చోట సంచిలో ఉండిపోయింది, ఎంత మోగినా తియ్యడు. ఆమె ఆఫీసు చెప్పులతోనే పరుగు దారికి అడ్డంపడి వెళ్లింది.

వాన ఆమెకి ఎదురొచ్చింది. రోడ్డు అవతలి కొస నుంచి తెల్లటి తెర ఒకటి మేడల్ని ఒక్కొక్కటిగా మింగుతూ వచ్చింది. చప్పుడు ముందు వచ్చింది, చల్లగాలి తర్వాత, ఆ తర్వాత వాన మొత్తం ఒక్కసారిగా. ఇన్నేళ్లుగా తెర మీద పసుపుగా, ఎరుపుగా చూసినదాన్ని ఆమె మొహం మీద మోసింది. కళ్లు తెరవడానికి లేదు. భయమేసింది, అంతకంటే ఎక్కువగా ఒళ్లు పులకరించింది. ఇంతదాని తరఫున తను మాటిచ్చిందా!

ఆ వానలోంచి మనుషులు వచ్చారు. వందలమంది. ఎవరూ ఆగడం లేదు. నెరిసిన జుట్టు మీద ప్లాస్టిక్ సంచి తొడుక్కుని ఒక పెద్దావిడ నవ్వుకుంటూ వెళ్లింది. ఒకాయన బూట్లు చేత్తో పట్టుకుని ఉత్తకాళ్లతో వెళ్లాడు. వాళ్ల పాదాల చప్పుడూ వాన చప్పుడూ కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు. ఎవరూ తరమకుండా, ఎవరూ బతిమాలకుండా ఇంతమంది ఇలా వెళ్తున్నారంటే ఆమెకి నమ్మశక్యం కాలేదు. ఆకాశం ఒక్కటే పెద్దదనుకుంది ఇన్నాళ్లూ. దారి పక్కన నిలబడి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

అతను వాళ్లలో లేడు. ముప్పయ్యో కిలోమీటరు బోర్డు దాటాక వంతెన కింద దొరికాడు. గోడకి చేరగిలబడి కూచుని, బూట్లు విప్పేసి, అరికాళ్ల వైపు చూసుకుంటున్నాడు. వణుకుతున్నాడు.

"సగం దాటానండీ," అన్నాడు ఆమెని చూసి. "మా అక్క ఇంక కొత్త పేరు వెతుక్కోవాలి. ముప్పాతిక అని."

ఆ మాటకి నవ్వాల్సింది పోయి ఆమెకి ఏడుపొచ్చింది. "నేను పడదన్నాను."

"అన్నారు."

"మీరు భయపడుతుంటే వినలేక అన్నాను. ఆకాశం తరఫున మాటివ్వడానికి నేనెవర్ని? నా మూలంగానే ఇక్కడ కూచున్నారు."

వంతెన అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. అతను వాటిని చూస్తూ అడిగాడు. "ఇంకెంతసేపు పడుతుంది?"

ఆమె వంతెన బయటికి వెళ్లి తలెత్తి చూసింది. ఇప్పుడే ఆగిపోతుందని ఒక్క మాట అంటే అతను లేస్తాడు. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, తడిసి ముద్దై లోపలికొచ్చింది.

"తెలియదు. ఆగే అవకాశం ఉంది. ఆగకపోయే అవకాశమూ ఉంది."

అతను ఆమెని చూశాడు. ముందు పెదవులు కదిలాయి, తర్వాత భుజాలు, తర్వాత పడీ పడీ నవ్వాడు. "ఇదిగో, ఈ మాట నిన్న చెప్పుంటే జేబులో పొడి సాక్సులు పెట్టుకుని వచ్చేవాణ్ణి కదా."

ఆమె సంచిలోంచి ఉన్ని సాక్సులు తీసింది.

"ఎవరివివి?"

"మా పెద్దాయనవి. ఉతికినవేనన్నారు."

"ఖాయంగానా?"

"ఉతికి ఉండే అవకాశం ఉంది."

అతను అరికాళ్లు తుడుచుకుని, ఆ సాక్సులు తొడుక్కుని, బూట్లు బిగించాడు. లేవబోయి గోడ పట్టుకున్నాడు. ఆమె చేయి అందించింది, లిఫ్టులోంచి తనని పైకి లాగిన చేతికి. లేచాడు. మొదట కుంటుతూ కదిలాడు, తర్వాత నడిచాడు, వంతెన దాటి వానలోకి వెళ్లాక పరుగులాంటిది ఏదో మొదలైంది.

వాన ఆగలేదు. చివరిదాకా పడుతూనే ఉంది. ఆమె పేవ్‌మెంట్ మీద చెప్పులు చేత్తో పట్టుకుని అతని పక్కనే వెళ్లింది. కొంతదూరం మాట్లాడింది, తర్వాత మాట్లాడటం మానేసింది. అతని మొహంలో నొప్పి ఉంది, దాని వెనక ఇంకేదో ఉంది, దాన్ని కదిలించకూడదనిపించింది. ఒక మామూలు మనిషి, గ్రీజు మరకల మనిషి, నొప్పి పెడుతున్న ఒక కాలి ముందు ఇంకో కాలు వేస్తున్నాడు. అంతే. బెలూను ఎగిరినప్పుడు అతను ఎలా చూశాడో, ఇప్పుడు ఆమె అతన్ని అలాగే చూసింది.

ఫినిష్ లైన్ దగ్గర జనం పలచబడిపోయారు. మైకు మనిషి గొంతు బొంగురుపోయింది. అతను ఆ గీత దాటి, నాలుగడుగులు వేసి, ఎవరో మెడలో మెడల్ వేస్తే తలొంచి, అలాగే ఉండిపోయాడు. వానలో ఏడిస్తే తెలియదనుకున్నాడేమో, ఆమెకి తెలిసింది.

సంచి తెచ్చుకుని ముందు వాళ్లక్కకి ఫోన్ చేశాడు. "అక్కా, పూర్తయింది."

"ఎవరండీ మీరు?" అంది అక్క. ఆ వెంటనే ముక్కు చీదడం వినిపించింది.

అతను ఫోన్ జేబులో పెట్టుకుని ఆమె వైపు తిరిగాడు. ఇన్ని నెలలుగా అట్టే పెట్టిన మాట. తీరా ఆ వేళ వచ్చేసరికి పళ్లు టకటకలాడుతున్నాయి.

"అడగమంటారా?"

"అడగండి."

"జీవితమంతా మీ బులెటిన్ ఇంట్లోనే వినాలని ఉంది. అవకాశం ఉందా?"

ఆమె నోరు తెరిచింది. అతను చటుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. "ఖాయం అని మాత్రం అనకండి. కిందటిసారి అలాగే అన్నారు, ఏమైందో చూశారుగా."

ఆమె పైనుంచి కిందిదాకా నీళ్లోడుతున్న ఆ మనిషిని చూసింది. "మా ఇల్లు మూడో అంతస్తు. లిఫ్ట్ లేదు. ఎక్కగలరా?"

అతను తన కాళ్ల వైపు చూసుకున్నాడు. "ఎక్కే అవకాశం ఉంది," అన్నాడు.

ఊళ్లో సగం లిఫ్టులు నడిపే మనిషి ఆ మెట్లు రెండు చేతులా రైలింగు పట్టుకుని ఎక్కాడు. ముందుకి ఎక్కితే తొడలు ఒప్పుకోక, కొంతదూరం వెనక్కి తిరిగి ఎక్కాడు. ప్రతి మలుపు దగ్గరా ఆగి, ఈ మేడ కట్టినవాడిని తలుచుకున్నాడు. ఆమె వెనకే ఉండి, నవ్వాపుకుంటూ, పడితే పట్టుకుందామని చేతులు చాపింది.

అమ్మ తలుపు తీసింది. మెడలో టేపు, చేతిలో సూది. గుమ్మంలో ఇద్దరు తడి మనుషులు. ఒకరు తన కూతురు. రెండోవాడి మెడలో మెడల్, కాళ్లకి ఎవరివో ఉన్ని సాక్సులు.

అమ్మ అతన్ని పైనుంచి కిందికి ఒక్క చూపులో కొలిచేసింది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి కుర్చీలో కూచోబెట్టింది, తువ్వాలు ఇచ్చింది. కూతుర్ని మాత్రం గుమ్మం దగ్గరే ఆపింది.

"ఎవరే?"

"మా ఆఫీసు లిఫ్ట్ గారు. ఇవాళ మారథాన్ పూర్తి చేశారు."

"అది కాదు నేనడిగింది." అమ్మ గొంతు తగ్గించింది. అడగక తప్పదన్నట్టు, ఏం జవాబు వస్తుందో ముందే తెలుసన్నట్టు అడిగింది. "నచ్చాడా?"

"నచ్చాడు," అంది ఆమె.

లోపల అతను తువ్వాలు మొహం మీదే పట్టుకుని కదలకుండా కూచున్నాడు. అమ్మ కాసేపు ఆగింది, వెనక ఇంకో మాట ఏదైనా వస్తుందేమోనని. ఏదీ రాలేదు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కనపడకుండా సూది రవికకి గుచ్చుకుని, కూతురి తడి జుట్టు వెనక్కి తోసింది.

"నీ నోట తెగేసి ఒక్క మాట వచ్చింది. ఇవాళ వాన పడుతుంది చూడు."

"పడిందమ్మా," అంది ఆమె. "పొద్దున్నే పడింది."